మట్టి కింద పూసే ఆర్కిడ్

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

ఎండ తగలనిదే మొక్క బతకదని మీరు పాఠాల్లో చదువుకున్నారు. అది చాలావరకు నిజమే. అయితే మొలక మొదలు పూత, కాత దాకా జీవితమంతా మట్టిలోనే గడిపే పూలమొక్క ఒకటుందంటే మీలో కొందరైనా నమ్మరు. అందుకే దాని సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను. దాని శాస్త్రీయ నామం రైజాంథెల్లా గార్డ్‌నెరి. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పండించే ప్రాంతాన కొరిగిన్, బాబకిన్ అనే ఊళ్ల పరిసరాల్లో తప్ప అది మరెక్కడా కనబడదు.

1928లో కొరిగిన్ దగ్గర జాక్ ట్రాట్ అనే ఆయన తన నేలలో పని చేసుకుంటూ ఉండగా ఈ మొక్క మొదటిసారి బయటపడింది. రిచర్డ్ శాండర్స్ రోజర్స్ దానిని పరిశీలించి, చార్లెస్ గార్డ్‌నర్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు కలిసేలా ఆ ఏడాదే నామకరణం చేశాడు. రోజర్స్ వృత్తి వైద్యం. ఆర్కిడ్లను పరిశోధించడం ఆయన అభిరుచి. వృక్షశాస్త్ర చరిత్రలో ఇటువంటి వైద్యులు ఎందరో ఉన్నారు.

ఈ మొక్కకు ఆకులు లేవు, పచ్చదనం లేదు, వేళ్లు కూడా లేవు. ఉన్నదల్లా మట్టిలో అడ్డంగా పాకే, తెల్లగా కండపట్టిన ఒక కాండం మాత్రమే. అక్కడ మే నుంచి జూలై వరకు చల్లని రోజులు. ఆ రోజుల్లో కాండం కొసన ఒక పూలగుత్తి తయారవుతుంది. పైన రాలిన ఆకులను, కొద్దిపాటి మట్టిని మెల్లగా పక్కకు తొలగించి చూస్తే, లేత గులాబీ ఛాయ కలిసిన మీగడ రంగు రేకుల వంటివి ఒకదానిపై ఒకటి ఒరిగి గిన్నెలా నిలబడి కనిపిస్తాయి. అవి అసలు పూరేకులు కావు, పూలను కాపాడే పత్రాలు. పూలు ఆ గిన్నె లోపల ఉంటాయి. ముదురు ఎరుపు రంగులో, ఒక్కొక్కటి కొద్ది మిల్లీమీటర్లే ఉండే చిన్నారి పూలు పదుల సంఖ్యలో కిక్కిరిసి, మధ్యభాగం వైపు ముఖం పెట్టి ఉంటాయి. గుత్తి ఎదిగేటప్పుడు పైనున్న మట్టి సన్నగా పగులుతుంది. చిన్న ఈగలు, చెదపురుగుల వంటివి ఆ సందుల గుండా లోపలికి చేరి పుప్పొడిని మోస్తాయి.

ఎండ లేకపోతే దీనికి ఆహారం ఎక్కడిది? ఆ ప్రాంతంలో మెలల్యూకా జాతికి చెందిన పొదలు పెరుగుతాయి. వాటి వేళ్లను అంటిపెట్టుకుని ఒక శిలీంధ్రం బతుకుతుంది. దాని సన్నని పోగులే ఈ ఆర్కిడ్ కాండంలోకి కూడా చొచ్చుకుపోతాయి. పొద ఎండలో తయారు చేసుకున్న చక్కెరలో కొంత శిలీంధ్రానికి చేరుతుంది, శిలీంధ్రం నుంచి ఆర్కిడ్‌కు చేరుతుంది. ఇది ఊహ కాదు. మామూలు కార్బన్ కన్నా కొంచెం బరువైన కార్బన్ ఉన్న వాయువును శాస్త్రవేత్తలు పొద ఆకులకు అందించి, ఆ తరువాత అదే కార్బన్‌ను ఆర్కిడ్‌లో గుర్తించారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. దీనిని దొంగ అనడం నాకు నచ్చదు గాని, పరాన్నజీవి అంటే మాత్రం కాదనలేను.

నిజానికి ఆర్కిడ్లన్నిటికీ శిలీంధ్రాలతో పని ఉంది. వాటి విత్తనాలు దుమ్ములా ఉంటాయి, వాటిలో మొలకకు సరిపడే ఆహారం నిల్వ ఉండదు. శిలీంధ్రం తోడైతేనే అవి మొలకెత్తుతాయని 1899లో నోయెల్ బెర్నార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గమనించాడు. తక్కిన ఆర్కిడ్లు చాలావరకు కాస్త ఎదగగానే ఆకులు వేసి సొంతంగా వండుకోవడం మొదలుపెడతాయి. ఇది ఆ పని ఎన్నడూ చేయదు. దీని హరితరేణువుల్లో 37 జన్యువులే మిగిలాయని 2011లో తేలింది. పచ్చని మొక్కల్లో అవి సాధారణంగా 100కు పైగా ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువులన్నీ పోయాయి. అయినా హరితరేణువు పూర్తిగా మాయం కాలేదు, ఎందుకంటే కణానికి అవసరమైన మరికొన్ని పదార్థాల తయారీ దాని మీదే ఆధారపడి ఉంది.

విత్తనాల విషయంలోనూ దీని దారి వేరు. మట్టి కింద గాలి వీచదు కాబట్టి దుమ్ము లాంటి విత్తనాలు దీనికి పనికిరావు. అందుకే దీనికి కండగల పండు కాస్తుంది, అందులో గట్టి పెంకు ఉన్న విత్తనాలుంటాయి. కంగారూల బంధువులైన చిన్న జంతువులు వాసన పసిగట్టి ఈ పండ్లను తవ్వి తిని, విత్తనాలను మరోచోట విసర్జించేవని పరిశోధకుల ఊహ. అటువంటి జంతువులు గోధుమ పొలాల సీమలో ఇప్పుడు చాలావరకు కనుమరుగయ్యాయి. విత్తనం లేకుండా కాండం నుంచి పిల్లమొక్కలు రావడం ఉంది గాని, అవి తల్లి పక్కనే ఉండిపోతాయి, కొత్త తావుకు పోలేవు.

సాగు కోసం పొదలను నరికివేయడంతో దీనికి చోటు కుంచించుకుపోయింది. దక్షిణ తీరంలోని మంగ్లినప్ దగ్గర 1979లో దొరికిన మొక్కలను కూడా ఇదే అనుకుని చాలాకాలం లెక్కలో కలిపారు. అవి వేరే జాతి అని 2018లో తేల్చారు. దాంతో దీని సంఖ్య ఇంకా తగ్గింది. పెంచాలనుకునేవారు విత్తనం ఒక్కటే తెచ్చుకుని లాభం లేదు. కుండీలో మెలల్యూకాను, దాని వేళ్ల దగ్గర ఆ శిలీంధ్రాన్ని కలిపి పెంచినప్పుడే మొలకలు వచ్చాయని 1985లో వార్కప్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. ఇప్పటికీ ఈ ఆర్కిడ్‌ను పెంచాలంటే ముందు నాటవలసింది ఆ పొదనే.

ఇట్లు,
మీ తాతయ్య