కొల్లేటి బురదలో దాగిన లోహం

కొల్లేరులో జమ్మునో కిక్కిసనో వేళ్లతో సహా పీకితే వేళ్ల మీద ఇటుకరంగు పూత కనిపిస్తుంటుంది. గోటితో గీకితే తుప్పులా రాలుతుంది. అది నిజంగా తుప్పే. వేళ్ల నుంచి బురదలోకి కారే ప్రాణవాయువు అక్కడి ఇనుముకి తగిలి పూత కడుతుంది. నీటిలోని సీసం, జింకు వచ్చి దానికి అంటుకుంటాయి. ఇంకా కింద, గాలి చొరని నల్ల బురదలో కుళ్లిన కోడిగుడ్డు వాసన. అక్కడి బ్యాక్టీరియా సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తుంది, దాంతో కలిసిన లోహం నీటిలో కరగని మడ్డి అవుతుంది. మొక్క పీల్చుకునేది తక్కువే. గుర్రపుడెక్క విషమంతా తాగేస్తుందని మురిసిపోయేవాళ్లున్నారు గానీ, అది ఉన్నచోటే కుళ్లితే తాగింది తిరిగి నీళ్లలోకే.

నీటి మొక్కలతో మురుగును శుభ్రం చేయొచ్చని జర్మనీలో కేథె సైడెల్ 1950లలోనే ప్రయోగాలు చేశారు. అమెరికాలో బొగ్గు గనుల ఆమ్లపు నీరు నాచు నిండిన చిత్తడి దాటాక తేటపడటాన్ని 1970ల చివర్లో గమనించి, తర్వాత కృత్రిమ చిత్తడి నేలలే కట్టారు.

మనకు కట్టే పని లేదు, కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు, పొలాల మురుగు కాలువలు, ఊళ్ల మురుగు అన్నీ అందులోకే. సముద్రానికి దారి ఉప్పుటేరొక్కటే. నీరు విశాలంగా పరుచుకుని జమ్ములో చిక్కి నెమ్మదిస్తేనే ఒండ్రు, దాన్ని పట్టుకున్న లోహం అడుక్కి దిగుతాయి.

1970లలో సరస్సు పేదలకు సొసైటీల పేరిట చేపల చెరువులు ఇచ్చారు. పెట్టుబడి బయటినుంచి వచ్చింది, పెత్తనమూ దాని వెంటే వచ్చింది. గట్లు లేచిన మేర నీరు పరుచుకోవడం మానేసి కాలవల్లో పడి పోతోంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు దక్కింది, 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు పేల్చింది. చాలాచోట్ల మళ్లీ లేచాయి.

గట్లు నీటిని మళ్లిస్తే, ఎండబెట్టడం బురదనే మారుస్తుంది. చేపలు పట్టాక చెరువు ఆరబెడతారు. నాలుగు ఎండలకు నల్ల బురద బూడిదరంగుకి తిరిగి నెర్రెలిస్తుంది. గాలి తగిలిన సల్ఫైడు మళ్లీ సల్ఫేటై, పట్టుకున్న లోహాన్ని వదులుతుంది. ఆ మట్టినే తవ్వి గట్టుకు ఎత్తుతారు. వానకి గట్టు కోసుకుపోయినంత మేరా మళ్లీ నీళ్లలోకే.