గంధం మొక్క పక్కనున్న మొక్కని పీకెయ్యకండి బాబూ (దేవుడి చెట్ల మీద అపోహలు - వాస్తవాలు)

ఈ వారంలో ఇది మూడో ఫోన్. "అన్నా, నువ్విచ్చిన గంధం మొక్క పసుపు పచ్చగా అయిపోయింది, చివర్లు ఎండుతున్నాయి, ఏం చెయ్యాల?" నేను అడిగే ప్రశ్న ఒకటే, పక్కన కంది మొక్క ఉందా అని. అవతల కాసేపు చప్పుడుండదు. తర్వాత మెల్లిగా, "అదా... కలుపు కదా అని పీకేసినా" అంటారు.

పన్నెండేళ్ళుగా నాకు ఇదే పని, గింజలు ఏరడం, మొలకెత్తించడం, అడిగినవాళ్ళకి పంచడం. శ్రీగంధం, మారేడు, జమ్మి, నాగలింగం, అప్పుడప్పుడు రుద్రాక్ష. డబ్బులు తీసుకోను, బదులుగా మీ ఊళ్ళో దొరికే గింజలేవైనా తెచ్చివ్వమంటా. ఇన్నేళ్ళలో నా చేత్తో ఇచ్చిన మొక్కల్లో తెగులుతో పోయినవాటికన్నా, మేకలు తిన్నవాటికన్నా, యజమాని శుభ్రంగా కలుపు తీయడం వల్ల పోయినవే ఎక్కువ. అందుకే ఈ ఒక్కటి గట్టిగా రాస్తున్నా, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: గంధం మొక్కని ఒంటరిగా పెట్టాలి, పక్కన ఇంకోటి ఉంటే దాని బలం లాగేస్తుంది.

వాస్తవం పూర్తిగా తలకిందులు. లాగేది గంధమే. శ్రీగంధం సగం పరాన్నజీవి, అంటే ఆకులు పచ్చగానే ఉంటాయి, ఎండలో తన తిండి తను వండుకుంటుంది, కానీ నీళ్ళూ ఖనిజాలూ సరిపడా లాక్కునే శక్తి దాని వేళ్ళకి లేదు. అందుకని మట్టిలో పక్క మొక్క వేరు ఎక్కడుందో వెతుక్కుని, దానికి జలగలా అతుక్కుని తాగుతుంది. ఆ అతుక్కునే బుడిపెల్నే హాస్టోరియా అంటారు, కవర్ చింపి మట్టి కడిగి చూస్తే కంటికే కనిపిస్తాయి. ఇలా 300 పైగా రకాల మొక్కల మీద బతకగలదని లెక్క. గడ్డి నుంచి పెద్ద చెట్టు దాకా దేన్నీ వదలదు.

మరి పక్క మొక్కని పీకేసిన వెంటనే గంధం ఎందుకు చావదు? ఇక్కడే అందరూ మోసపోతారు. మొలకకి గింజలో దాచుకున్న తిండి ఉంటుంది, సొంత వేళ్ళు కొన్నుంటాయి, వాటితో కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా బాగానే నెట్టుకొస్తుంది. మీరేమో చూశారా ఒంటరిగా ఎంత బాగుందో అనుకుంటారు. ఆ తర్వాత కొత్త ఆకు చిన్నదిగా వస్తుంది, రంగు పాలిపోతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. అప్పుడు ఎవరో యూరియా వెయ్యమంటారు, ఇంకొకరు నీళ్ళు ఎక్కువ పొయ్యమంటారు, గంధానికి నీళ్ళు నిలిస్తే అసలే పడదు, వేరు కుళ్ళుతుంది, ఆకలితో ఉన్నది కాస్తా మునిగి చస్తుంది. ఆఖరికి చెడ్డపేరు ఎవరికొస్తుంది? "ఆయన ఇచ్చిన మొక్క మంచిది కాదు" అని నాకు, లేదంటే ఇంటికి.

ఇంటికి రావడమే నాకు ఎక్కువ బాధ. ప్రొద్దుటూరు వైపు నుంచి ఒకావిడ పొద్దున ఆరింటికి ఫోన్ చేసి ఏడ్చేసింది. ఆ ఏడే భర్త పోయాడు, ఆయన గుర్తుగా పెరట్లో గంధం పెట్టుకుంది, అది ఎండిపోతుంటే చుట్టపామె ఎవరో "దేవుడి చెట్టు నిలవలేదంటే ఇంట్లో ఏదో ఉంది, చూపించుకో" అందట. "నా చేత్తో పెట్టింది ఏదీ నిలవదు నాయనా" అంటుంది. నాకు చుట్టపామె మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అమ్మా, మీ చెయ్యి బంగారం, మీ ఇంట్లో ఏమీ లేదు, మీరు కంది పీకారు, అంతే అని చెప్పి ఇంకో మొక్క పట్టుకుని నేనే బస్సెక్కి వెళ్ళా. ఈసారి కందితో పాటు నాలుగడుగుల అవతల కానుగ కూడా పెట్టించి వచ్చా.

నేనేమన్నా పుట్టుకతో తెలిసినవాణ్ణా అంటే కాదు. మొదటిసారి 140 మొలకలు లేపా, ఒక్కో కవర్లో ఒక్కోటి, కలుపు అన్నది లేకుండా అద్దంలా పెట్టుకున్నా. ఎనిమిది నెలలకి వరసగా పోవడం మొదలైంది. మిగిలినవి పదహారో పదిహేడో, అన్నీ గోడ మూలకున్న కవర్లే, అక్కడిదాకా వంగి కలుపు తీయడానికి బద్ధకమేసి వదిలేసినవి. వాటి నిండా పొన్నగంటి అల్లుకుని ఉంది. నా బద్ధకమే బతికించింది వాటిని! మా అమ్మేమో రోజూ వచ్చి పప్పులోకని ఆ పొన్నగంటి కోసుకెళ్ళేది, పైన కోసినా వేరు ఉంటుంది కాబట్టి గంధానికి ఏ లోటూ రాలేదు. తర్వాత కనుక్కుంటే నర్సరీవాళ్ళు కావాలనే కవర్లో పొన్నగంటి జాతి మొక్కలో కందో పెడతారని తెలిసింది.

కాబట్టి చేయాల్సింది ఇది. కవర్లో ఉన్నప్పుడు కంది లేదా పొన్నగంటి ఉండాలి. కంది తొందరగా పెరిగి గంధాన్ని కప్పేస్తుంది, అప్పుడు పై కొమ్మ తుంచండి, పీకద్దు. నేలలో పెట్టేటప్పుడు ఆ కందితో సహా పెట్టండి, అది రెండు మూడేళ్ళు లాగిస్తుంది, ఆలోగా మూడు నాలుగు అడుగుల దూరంలో ఎక్కువ కాలం బతికేది ఒకటి ఉండాలి, సరుగుడో, కానుగో, దానిమ్మో. తులసి చాలదా అని అడుగుతారు, చాలదు. పైగా పాపం ఆ తులసి నీరసపడితే అదొక కొత్త భయం.

గింజ దగ్గర కూడా ఒక మాట. గంధం పండు నల్లగా మాగాక అదే రోజు నీళ్ళలో పిసికి గుజ్జు తీసేసి నీడలో ఆరబెట్టాలి. వెంటనే నాటితే మొలవదు, దానికో రెండు నెలల నిద్ర ఉంటుంది. ఆ తర్వాత జిబ్బరెల్లిక్ యాసిడ్ (గింజని నిద్రలేపే మందు) 500 పీపీఎం, అంటే లీటరు నీళ్ళకి అర గ్రాము, రాత్రంతా నానబెట్టి ఇసుక మడిలో వేస్తే నెల దాటాక ఒక్కోటి లేస్తాయి, కొన్ని మూడు నెలలు కూడా తీసుకుంటాయి. నాలుగాకులు రాగానే కవర్లోకి. పైన ఇనప జాలీ కప్పండి, లోపలి పప్పు నూనె గింజ, ఉడతలకీ ఎలుకలకీ పండగ. పూజ గదిలో రెండేళ్ళు దాచిన గింజలు తెచ్చి "అమ్మవారి దగ్గర పెట్టినవి, ఇవి తప్పకుండా మొలుస్తాయి" అంటారు, ఆ నమ్మకాన్ని నేను కాదనను, కానీ ఏడాది దాటిన గంధం గింజ మీద నేనైతే ఆశ పెట్టుకోను.

ఇంక మిగతావి.

"ఆకు నలిపితే వాసన రాలేదు, డూప్లికేట్ ఇచ్చావ్." వారానికొకరు అంటారు ఈ మాట. ఆకుకీ పువ్వుకీ గంధం వాసన ఉండదు. వాసన చేవలోనూ (మాను నడిమి గట్టి చెక్క) వేళ్ళలోనూ ఉంటుంది, ఆ చేవ మొదలవ్వడానికే పదేళ్ళ దాకా పడుతుంది. ఎకరానికి కోట్లు అని వీడియోలు చేసేవాళ్ళు ఈ పదేళ్ళ సంగతీ చెప్పరు, దొంగల సంగతీ చెప్పరు, పక్క మొక్క సంగతి అసలే చెప్పరు. వాళ్ళ మాట విని పొలమంతా ఒక్క గంధమే పెట్టిన ఒక రైతుని చూశా, నాలుగో ఏట ఆయన తోటలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియలేదు నాకు.

పాములు చుట్టుకుంటాయి అనేది పద్యాల్లో బాగుంటుంది. మా పెరట్లో ఉన్నది తొండ ఒక్కటే.

ఎర్రచందనం, శ్రీగంధం ఒకటే అనుకోవడం. ఎర్రచందనం కందీ చిక్కుడుల కుటుంబంలోది, వాసన ఉండదు, శేషాచలం, వెలిగొండ, పాలకొండల చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా అడవిలో సహజంగా పెరగదు. రెంటికీ పేర్లో తప్ప చుట్టరికం లేదు.

పెరట్లో గంధం ఉంటే పోలీసులు పట్టుకెళ్తారు. ఇది తాతల నాటి భయం, కారణం లేకపోలేదు, మైసూరు రాజ్యంలో టిప్పు కాలం నుంచీ అది రాజుగారి చెట్టు, మన పెరట్లో మొలిచినా మనది కాదు. కానీ కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టం మార్చి పెంచినవాడిదే చెట్టు అన్నాయి. మన దగ్గరా పెంచుకోవచ్చు. కొట్టాలన్నా, తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి, అందుకే నాటినప్పుడే అడంగల్‌లోనో పహాణీలోనో ఎక్కించుకుంటే తర్వాత తిరగక్కర్లేదు.

రుద్రాక్ష. షాపులో కొన్న పూసని నాటకండి. దాన్ని ఉడకబెట్టి, తోమి, బెజ్జం వేసి, నూనె రాసి అమ్ముతారు, లోపల ప్రాణం ఎక్కడుంటుంది? తాజాగా రాలిన నీలం పండు లోపలిది కావాలి, అదీ నెలల తరబడి ఓపిక పట్టాలి, నా దగ్గర ఒకటి ఏడో నెలలో లేచింది, అప్పటికే ఆ కుండీలో కొత్తిమీర చల్లేసున్నా. ఏకముఖి నాటితే ఏకముఖి చెట్టు వస్తుందనేది కూడా ఉత్తదే, ఒకే చెట్టుకి రకరకాల ముఖాలు కాస్తాయి, ఎక్కువ అయిదే.

బ్రహ్మకమలం విత్తనాలు ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకి నా సానుభూతి. మన మేడల మీద రాత్రి పూసేది మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతిది, ఆకులా కనిపించే కాండం ముక్క గుచ్చితే వస్తుంది, పక్కింటామెని అడిగితే ఉత్తినే ఇస్తుంది. హిమాలయాల్లోది వేరే మొక్క, 3,700 మీటర్ల పైన మాట, అది కడప ఎండలో మొలుస్తుందని అమ్మేవాడికి దండం.

మారేడు, నాగలింగం గింజలు పండులోంచి తీసిన కొద్దిరోజుల్లోనే వెయ్యాలి, ఆరబెట్టి డబ్బాలో దాచద్దు. జమ్మి అలా కాదు, పెంకు గట్టిది, ఏళ్ళు ఉంటుంది, మరగబెట్టి దించిన నీళ్ళు పోసి రాత్రంతా వదిలేస్తే చాలు. వేరు నిలువునా దిగిపోతుంది కాబట్టి పొడుగు కవర్ వాడండి. జమ్మి అనుకుని సర్కారు తుమ్మ తెచ్చి గుడి ముందు నాటిన ఊరు ఒకటి నాకు తెలుసు, మూడేళ్ళు దసరాకి దానికే పూజ చేశారు. చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, ముళ్ళు చూడండి, సర్కారు తుమ్మకి ఆకు మొదట్లో కణుపు దగ్గర జంటగా ఉంటాయి, జమ్మికి కణుపుల మధ్యలో చెదురుమదురుగా ఉంటాయి. ఆ ఊరివాళ్ళకి చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా, ఆఖరికి పూజారిగారికి ఒక్కడికే చెప్పి, అసలు జమ్మి ఒకటి పక్కన పెట్టించా.

అమెరికా నుంచి అడిగే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, కవర్లో నాలుగు మారేడు గింజలు వేసి పోస్టులో పంపమని నన్ను అడగద్దు. మారేడు నిమ్మ, కరివేపాకుల కుటుంబంలోది, ఆ జాతులంటే అక్కడి అధికారులకి ఇంకా జాగ్రత్త. పర్మిట్ లేకుండా గింజలు పంపితే చిక్కు మీకే. మీ ఊళ్ళో గుడివాళ్ళనో నర్సరీనో అడగండి, ఎవరో ఒకరి దగ్గర చెట్టు ఉండే ఉంటుంది.

నా దగ్గరికి గింజలు తెచ్చేవాళ్ళు మాత్రం దయచేసి కాగితం కవర్లో తెండి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి బూజొస్తుంది, పైన చెట్టు పేరు, ఏ ఊరు, ఏరిన తేదీ రాయండి. మొన్న అలా అన్నీ రాసున్న కవర్ ఒకటి వచ్చింది, ప్రొద్దుటూరు వైపు నుంచే, ఆవిడ గంధానికి మొదటి కాపట, 43 గింజలు. వెనకాల ఎర్ర పెన్నుతో "దీని పక్కన కంది పెట్టవలెను, పీకరాదు" అని నాకే రాసి పంపింది. ఇసుక మడిలో వేశా, జాలీ కప్పేలోపే ఉడత రెండు పట్టుకెళ్ళిపోయింది.