ఇంటిమేట్ వాష్ నుంచి బ్రైడల్ ప్యాకేజీ దాకా: లేని లోపం ఎలా పుట్టింది?

బెంగళూరులోని మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు పీజీల్లో, అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక కాస్మెటిక్ క్లినిక్ ప్రకటనతో, ఆడవాళ్ల రహస్యాంగాలను ‘అందంగా’ మార్చే వ్యాపారం మీద పాత గొడవ మళ్లీ రాజుకుంది. పెళ్లికి సిద్ధమవుతున్న అమ్మాయిలకు ఫేషియల్, చేతులకు లేజర్, వాటితో పాటు ‘ఇంటిమేట్ వైటెనింగ్’ (యోని చుట్టూ చర్మాన్ని తెల్లబరచడం), యోని పెదవులను, అంటే యోని బయట ఉండే చర్మపు మడతలను, ‘సరిచేసే’ చిన్న ఆపరేషన్. అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ, ఈఎంఐలో కట్టుకోవచ్చు. ప్రకటన అంతా తెలుగులోనే. దీని మీద కొందరు మహిళలు వైద్య మండలికి ఫిర్యాదు రాస్తున్నారు. అడిగి వచ్చినవాళ్లకే చేస్తున్నామని, వాళ్ల ఒళ్లు వాళ్ల ఇష్టమని క్లినిక్ తరఫువాళ్ల జవాబు.

అలా అడగాలన్న ఆలోచన అమ్మాయిలకు ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూడాలి. తెల్లతోలు మోజు, ఫెయిర్‌నెస్ క్రీముల కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేద్దాం. నా దృష్టిలో అసలు మలుపు 2012.

ఆ ఏడాది ‘క్లీన్ అండ్ డ్రై’ అనే ఇంటిమేట్ వాష్‌కు, అంటే యోని భాగాన్ని కడుక్కునే ద్రవానికి, టీవీ ప్రకటన వచ్చింది. భర్త పేపర్లో తల దూర్చి ఉంటాడు. పక్కనున్న భార్య వైపు చూడడు, ఆమె మొహం చిన్నబోతుంది. తర్వాత ఆమె ఆ వాష్ వాడుతుంటే తెర మీద గ్రాఫిక్ బొమ్మలో గోధుమ రంగు కాస్తా తెల్లబడుతుంది. ఇక భర్త ధ్యాసంతా ఆమె మీదే. మొగుడు పట్టించుకోకపోవడానికి కారణం భార్య రంగేనని, అదీ బట్టల చాటున ఉన్న రంగని ఆ కొద్ది సెకన్లలో దేశానికంతటికీ చెప్పారు. అంతకుముందు పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ముఖం చూసి చామనఛాయ అని గొణిగేవాళ్లు. ఇప్పుడు ఆ లెక్క ఎవరికీ కనిపించని చోటుకు కూడా వచ్చింది.

ప్రకటన మీద దుమారం రేగింది, విదేశీ పత్రికలు కూడా రాశాయి. కానీ అది నాటిన అనుమానం పోలేదు. ఈ రోజు బికినీ వ్యాక్స్ కోసం పార్లర్‌కు వెళ్లిన అమ్మాయితో “కొంచెం డార్క్‌గా ఉంది మేడమ్, డీ-ట్యాన్ వేసేయనా?” అని మామూలుగా అనేస్తున్నారు. ఆ ఒక్క మాటతో ఇంటికొచ్చి, తలుపేసుకుని, అద్దం పట్టుకుని టెన్షన్ పడే అమ్మాయికి తనను దేనితో పోల్చుకోవాలో తెలియదు. పదో తరగతి జీవశాస్త్రం బొమ్మ గర్భాశయం, అండాశయాల దగ్గరే ఆగిపోతుంది. ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పులు, లైంగికత గురించి పిల్లలకు చెప్పే కౌమార విద్యా కార్యక్రమం మీద 2007లో వివాదం రేగినప్పుడు కర్ణాటకతో సహా పలు రాష్ట్రాలు దాన్ని బడుల్లో పక్కన పెట్టాయి. బడి చెప్పకుండా వదిలేసిన చోటే ఐదేళ్లకు వాష్ బాటిల్ పాఠం మొదలుపెట్టింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడకపోతే నేటి ప్యాకేజీ అర్థం కాదు.

ఆ పాఠం తప్పని తేల్చే సమాచారం అప్పటికే ఉంది. 2005లో లండన్ వైద్యులు, వేరే చికిత్స కోసం మత్తు ఇచ్చిన 50 మంది మహిళలను పరీక్షించి కొలతలు ప్రచురించారు. లోపలి పెదవుల పొడవు ఒకరికి 2 సెంటీమీటర్లు ఉంటే మరొకరికి 10. వెడల్పు 7 మిల్లీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల దాకా ఉంది. 41 మందికి ఆ భాగం చుట్టుపక్కల చర్మం కంటే ముదురుగానే ఉంది. 2018లో స్విట్జర్లాండ్‌లో 15 నుంచి 84 ఏళ్ల వయసున్న 657 మందిని కొలిచినప్పుడు కూడా ఇదీ ‘సరైన’ సైజు అని చెప్పగలిగే కొలత ఏదీ దొరకలేదు.

ఒక పెదవి పెద్దగా, ఇంకొకటి చిన్నగా ఉండొచ్చు. లోపలివి బయటివాటిని దాటి కనిపించొచ్చు. అంచులు ముడతలుగా ఉండొచ్చు, గులాబీ నుంచి నలుపు దాకా ఏ రంగైనా ఉండొచ్చు. రజస్వల అయ్యే వయసులో హార్మోన్ల వల్ల అక్కడి చర్మం ముదురు రంగుకు మారుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా ముదురుతుంది. దాన్ని మురికి అనుకుని రుద్దితే చర్మం రేగి, ఇంకా నల్లబడుతుంది. యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది, బయట మామూలు నీళ్లు చాలు. దురద, తెల్ల మచ్చలు, మానని పుండు, గడ్డ ఉంటే మాత్రం గైనకాలజిస్టుకు చూపించాలి, పార్లర్‌లో కాదు.

క్లినిక్‌ల వాదనలో ఒక నిజం ఉంది. సైకిల్ తొక్కినా, బిగుతు జీన్స్ వేసినా ఒరుసుకుని నొప్పి పడేవాళ్లున్నారు, వాళ్లకు ఆపరేషన్ గురించి డాక్టర్‌తో మాట్లాడే హక్కు ఉంది. అయితే ప్రకటనలో నొప్పి ఊసే లేదు, ఉన్నదంతా అందం గురించే. అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2007లోనే ఇలాంటి అందం ఆపరేషన్లు వైద్యపరంగా అవసరమైనవి కావని, వాటి భద్రతకు ఆధారాలు లేవని చెప్పింది. ఇన్ఫెక్షన్, మచ్చలు, స్పర్శలో తేడా, కలయికలో నొప్పి రావచ్చని హెచ్చరించింది. 18 ఏళ్లు నిండని వాళ్లకు చేయొద్దని బ్రిటన్‌లోని గైనకాలజిస్టుల సంఘం రాయల్ కాలేజీ 2013లో అంది. ‘యోని పునర్‌యవ్వనం’ పేరుతో వాడే లేజర్ యంత్రాల వల్ల కాలిన గాయాలు, మచ్చలు కావొచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. అదే ఏడాది మన కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. తెల్లబడటానికి వాటినే పూసుకునేవాళ్లు ఉన్నారు మరి. వాడేకొద్దీ ఆ పలుచని చర్మం ఇంకా పలచబడుతుంది.

ఇంత తెలిసినా ప్రకటనలు ఎందుకు ఆగడం లేదు? ముదురు రంగువాళ్లను దిగులుగా, ఆకర్షణ లేనివాళ్లుగా చూపించొద్దని ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2014లో నియమం పెట్టింది. దాంతో దిగులు మొహం పోయి, ‘కాన్ఫిడెన్స్’ అనే మాట వచ్చి కూర్చుంది. ఒక్కో అమ్మాయి నుంచి లాక్కున్న ధైర్యాన్నే ఆమెకు తిరిగి అమ్ముతున్నారు, నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇదే. డాక్టర్ల సోషల్ మీడియా ప్రవర్తన మీద మార్గదర్శకాలతో జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు మొదట్లో కొత్త నిబంధనలు తెచ్చి, ఆ నెలలోనే నిలిపేసింది.

అందుకే ఫిర్యాదుదారులు 2002 నాటి వైద్య నైతిక నియమావళినే పట్టుకున్నారు. రోగులను ఆకర్షించడానికి డాక్టర్లు ప్రకటనలు ఇవ్వకూడదని అందులో స్పష్టంగా ఉంది. ప్రాక్టీస్ మొదలుపెట్టడం, అడ్రస్ మారడం, సెలవు మీద వెళ్లి తిరిగి రావడం, ఫీజులు ప్రకటించడం లాంటి కొన్ని సందర్భాల్లోనే పత్రికా ప్రకటనకు అనుమతి. పెళ్లికూతుళ్ల డిస్కౌంట్ ఇందులో దేని కిందకు వస్తుందో చెప్పాలని వాళ్లు మండలిని అడుగుతున్నారు.