గొంతులో కోపాన్ని ఫోను ఎలా పసిగడుతుంది?

"వచ్చావా!" అన్న మాటే తీసుకోండి. ఏడాది తర్వాత ఇల్లు చేరిన కొడుకును చూసి తల్లి అనేదీ అదే, అర్ధరాత్రి దాటాక తలుపు తట్టినవాణ్ణి చూసి అనేదీ అదే. తేడా మనకు ఇట్టే తెలుస్తుంది. ఫోనుకు మాత్రం రెండూ దాదాపు ఒకటే. రెంటిలోనూ గొంతు పెరిగింది, శ్రుతి పైకెళ్లింది, మాట వేగం హెచ్చింది. మనిషి ఎంత ఉద్రేకంగా ఉన్నాడో ధ్వని బాగానే చెబుతుంది. ఆ ఉద్రేకం సంతోషమో కోపమో చెప్పడమే కష్టం.

ఫోను మైకు నుంచి వచ్చే ధ్వనిని సెకనుకు 16,000 సార్లు కొలుస్తారు. దాన్ని 25 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలో 400 కొలతలుంటాయి. ప్రతి 10 మిల్లీసెకన్లకూ కొత్త ముక్క మొదలవుతుంది కాబట్టి ముక్కలు ఒకదాని మీదకొకటి వస్తాయి. ఒక్కోదానిలో శ్రుతి ఎంత, ఏ పౌనఃపున్యం దగ్గర శక్తి ఎంత అని లెక్కగడతారు. ఒంటరి ముక్కతో ఏమీ తేలదు. రెండు మూడు సెకన్ల పాటు ఆ అంకెలు ఎలా ఎక్కి దిగాయో చూడాలి.

శ్రుతి లెక్క తరచూ తప్పుతుంది. 200 హెర్ట్‌జ్‌ల గొంతును 100 అనో 400 అనో పొరబడితే, ఆ ఉత్తుత్తి గెంతును మోడల్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకుని భావాన్ని అంచనా వేసే ప్రోగ్రాము, ఆశ్చర్యమని పొరబడుతుంది. పక్క ముక్కల విలువలతో కలిపి మధ్యగతం (వరుసలో పేర్చితే నడుమన వచ్చే విలువ) తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఇంతకంటే పెద్ద చిక్కు ఫోనే తెచ్చిపెడుతుంది. కాల్ స్పష్టంగా వినబడాలని అది గుసగుసను పెంచి, అరుపును తగ్గించి, రొద తుడిచేస్తుంది. దాంతో పాటే ఊపిరి వణుకూ పోతుంది. ఆండ్రాయిడ్‌లో రికార్డింగుకు 'అన్‌ప్రాసెస్డ్' (ఇలాంటి మార్పులు చేయని) మూలాన్ని ఎంచుకుంటే ఈ బెడద తప్పుతుంది, ఆ ఫోనులో అది ఉంటేనే సుమా.

బరువు సంగతీ ఉంది. మాటల ధ్వనిని విశ్లేషించే వేవ్‌టువెక్ 2.0 చిన్న మోడల్‌లోనే సుమారు 9.5 కోట్ల పరామితులు (శిక్షణలో నేర్చుకున్న అంకెలు), ఒక్కోదానికి 4 బైట్ల చొప్పున 380 మెగాబైట్లు. ఒక్కోదాన్ని 8 బిట్లకు, అంటే ఒక బైటుకు, కుదిస్తే నాలుగో వంతుకు దిగుతుంది. మాట వినిపించినప్పుడే మోడల్‌ను లేపితే బ్యాటరీ నిలుస్తుంది.

తెలుగుకు ఈ రంగంలో మంచి పునాదే ఉంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వారు 2009లో వెలువరించిన ధ్వని సంకలనంలో విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది, 15 వాక్యాలను 8 భావాలతో, పది విడతల్లో పలికారు. మొత్తం 12,000 పలుకులు. దీంతో పనిచేసేవారు ఒకే కళాకారుడి గొంతును శిక్షణలోనూ పరీక్షలోనూ పెట్టకూడదు. పెడితే మోడల్ భావాన్ని వదిలి మనిషిని గుర్తుపడుతుంది, మార్కులు మాత్రం ఘనంగా వస్తాయి. తొమ్మిదిమందితో నేర్పి, పదోవారితో పరీక్షించాలి. పైగా అది నటించిన కోపం. ఇంట్లో కోపం చాలాసార్లు "సరేలే" అని తగ్గుస్వరంలో వస్తుంది.

అందుకే ముందు ఆ మనిషి మామూలు గొంతును కొన్ని నిమిషాలు విని, తర్వాతి అంకెలను దానితోనే పోల్చాలి. ఫలితాన్ని 'కోపం' అని ముద్ర కొట్టకుండా, ఉద్రేకం ఎంత, ఇష్టం అయిష్టం ఎటు అని రెండు కొలతలుగా ఇవ్వాలి. రెండోది తేలనప్పుడు ఆ గడిని ఖాళీగా వదిలేయాలి.