జార్ మెత్తనివాడు కాబట్టే విప్లవం వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ఆధునిక ఐరోపా చరిత్ర చెబుతుంటాను. 1917 రష్యా విప్లవానికి కారణాలు రాయమంటే పేపర్ల కట్టలో చాలావరకు ఒకే వాక్యంతో మొదలవుతాయి: జార్ (రష్యా చక్రవర్తి) రెండో నికోలస్ బలహీనుడైన పాలకుడు. అది తప్పేం కాదు. ఆ తర్వాత రాసే వాక్యాలతోనే నాకు పేచీ. (తేదీలన్నీ అప్పటి రష్యా పాత క్యాలెండర్ ప్రకారం.)

అపోహ: ఎవరేం చెబితే దానికి తలూపేవాడు.

వాస్తవం: మాట మెత్తన, పట్టు మొండి. గద్దెనెక్కి మూడు నెలలైనా నిండకముందే, 1895 జనవరిలో, పాలనలో తమకూ చోటు కావాలన్న స్థానిక మండళ్ల ప్రతినిధులతో అవి 'అర్థంలేని కలలు' అనేశాడు. 1897 జనాభా లెక్కల్లో వృత్తి దగ్గర 'రష్యా నేలకు యజమాని' అని రాసుకున్నాడు. 1905 తిరుగుబాటుకు జడిసి డ్యూమా (ఎన్నికైన చట్టసభ) ఇచ్చాడు గానీ, మొదటిదాన్ని రెండున్నర నెలలకే రద్దు చేశాడు. 1907లో రెండోదాన్నీ రద్దు చేసి, అదే రోజు ఎన్నికల చట్టం మార్చేశాడు. ఇంత అధికారం గుప్పిట్లో పెట్టుకున్న మనిషికి సొంత కార్యదర్శి కూడా లేడు, కవర్లు తానే అంటించుకునేవాడు! మోయలేడు, ఇంకొకరిని మోయనివ్వడు. నేను బలహీనత అనేది దీన్నే.

అపోహ: రాణి నమ్మిన సాధువు రాస్‌పుతిన్ లేకపోతే సింహాసనం నిలిచేది.

వాస్తవం: 1916 డిసెంబరులో అతన్ని చంపేశారు. రెండున్నర నెలలకే సింహాసనం పోయింది. నన్నడిగితే అంతకంటే పెద్ద పొరపాటు మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915 ఆగస్టులో జరిగింది. మంత్రులు వద్దని ఉత్తరం రాసినా వినకుండా, సైన్యాధిపతిగా ఉన్న బంధువు నికొలాయ్ నికొలాయెవిచ్‌ను తప్పించి, ఆ పదవి తానే తీసుకుని, సైనిక కేంద్రం ఉన్న మొగిలేవ్ వెళ్లిపోయాడు. ఇక ప్రతి ఓటమీ నేరుగా ఆయన ఖాతాలోకే. రాజధానిలో రాణి మాట చెల్లుబాటైంది. 1916 ఒక్క ఏడాదిలో ప్రధాని కుర్చీలో నలుగురు కూర్చున్నారు.

అపోహ: జార్‌ను దించింది లెనిన్.

వాస్తవం: 1917 మార్చిలో జార్ గద్దె దిగేనాటికి బోల్షెవిక్ పార్టీ నాయకుడు లెనిన్ స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో ఉన్నాడు. ఆ ఏడాది అక్టోబరులో బోల్షెవిక్‌లు కూల్చింది, జార్ దిగాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వాన్ని.

అపోహ: గట్టిగా అణచివేసి ఉంటే ఆగేది.

వాస్తవం: అణచివేత జరిగింది. 1917 ఫిబ్రవరి 23న రాజధాని పెట్రోగ్రాడ్‌లో ఆడవాళ్లు రొట్టె కోసం వీధికెక్కారు. 25 రాత్రి, రేపటికల్లా అల్లర్లు ఆపాలని మొగిలేవ్ నుంచి జార్ తంతి వచ్చింది. 26న కాల్పులు జరిగాయి. 27 పొద్దున, కాల్పులు జరిపిన వొలిన్‌స్కీ రెజిమెంటే తిరగబడింది.

మార్చి 2న ప్‌స్కోవ్‌లో, రైలు పెట్టెలో, జార్ ముందుకు సేనానుల తంతులు వచ్చాయి. గద్దె దిగడమే మేలని వాటి సారాంశం. ఆ రాత్రి డైరీలో 'చుట్టూ ద్రోహం, పిరికితనం, మోసం' అని రాసుకున్నాడు. ఆ తంతులు పంపినవాళ్లలో, 1915లో తాను పక్కకు తప్పించిన నికొలాయ్ నికొలాయెవిచ్ కూడా ఉన్నాడు.