సామెత వాగ్దానం కాదు: బైబిలు పఠనంలో అపోహలు – వాస్తవాలు

అపోహ: సామెతలు 22:6 తల్లిదండ్రులకు దేవుడిచ్చిన వాగ్దానం.

బైబిలు స్టడీ అయ్యాక అందరూ లేస్తుంటే వెనక ఆగిపోయే తల్లో తండ్రో అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "సండే స్కూలు మాన్పించలేదు, కుటుంబ ప్రార్థన మానలేదు. అయినా అబ్బాయి గుడి ముఖం చూడట్లేదు. 'బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు' అని వాక్యం ఉందిగా, మరి మేమెక్కడ తప్పాం?" సగం మంది ఈ అనుమానంతో ఏళ్ల తరబడి కుమిలిపోతుంటారు. వాళ్ల నెత్తిన ఈ బరువు పెట్టినవాళ్లకు మాత్రం ఏ చింతా ఉండదు.

వాస్తవం: అది సామెత. లోకం మామూలుగా ఎలా నడుస్తుందో రెండు చరణాల్లో చెబుతుంది, ప్రతి ఇంటికీ పూచీ పడదు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనమూ అంటాం. దాన్ని హామీపత్రంలా ఎవరూ దాచుకోరు.

రుజువు ఆ సామెతల గ్రంథంలోనే ఉంది. 26:4 మూర్ఖుడికి జవాబివ్వొద్దంటుంది, 26:5 ఇమ్మంటుంది. కూర్చినవాళ్లు చూసుకోక కాదు. ఎప్పుడు ఏది పనికొస్తుందో తేల్చుకోవడం చదివేవాడి వంతు. 10:4 శ్రద్ధగలవాడికి ఐశ్వర్యం వస్తుందంటే, 13:23 బీదవాడి పొలం బాగా పండినా అన్యాయం తినేస్తుందంటుంది. మొదటి తొమ్మిది అధ్యాయాల్లో తండ్రి "నా కుమారుడా" అని పదే పదే బతిమాలతాడు. పెంపకంతోనే అంతా ఖాయమైపోతే ఆ బతిమాలడం దేనికి? సమూయేలు ప్రవక్త కొడుకులు లంచాలు తిన్నారు (1 సమూయేలు 8:3). యెషయా 1:2లో దేవుడే అంటాడు, నేను పెంచిన పిల్లలు నామీద తిరుగబడ్డారని. ఆ పెంపకంలో తప్పు వెతుకుతారా?

ఈ తరహా సాహిత్యం ఇశ్రాయేలుకే పరిమితం కాదు. ఐగుప్తులో (ప్రాచీన ఈజిప్టు) అమెనెమోపె అనే అధికారి కొడుక్కి చెప్పినట్టుగా 30 అధ్యాయాల ఉపదేశం ఉంది, బ్రిటిష్ మ్యూజియంలో దాని ప్రతి ఉంది. సామెతలు 22:17తో మొదలయ్యే భాగానికి దానితో దగ్గరి పోలికలున్నాయని జర్మన్ పండితుడు ఎర్మన్ 1924లో చూపించాడు. ఇది పెద్దలు కుర్రవాళ్లకు బతుకుతెరువు నేర్పే బుద్ధుల సాహిత్యం, నిబంధన పత్రం కాదు.

చదివే పద్ధతి ఇది. రెండు చరణాలను విడదీసి రాయండి. రెండోది మొదటిదాన్నే మళ్లీ చెబుతోందా, దానికి ఎదురు నిలుస్తోందా (10–15 అధ్యాయాల్లో ఎక్కువగా ఇదే), లేక దాన్ని పొడిగిస్తోందా చూడండి. అదే విషయం మీద ఆ పుస్తకంలోనే నాలుగైదు వచనాలు వెతికి పక్కన పెట్టండి, భిన్నంగా పలికేవి తప్పకుండా. తర్వాత నీతిమంతుడు నశించడం, దుష్టుడు చాలాకాలం బతకడం చూశానన్న ప్రసంగి 7:15, ఏ తప్పూ లేకుండా కష్టాలపాలైన యోబు గ్రంథం తెరవండి. చాలామంది వదిలేసేది ఈ చివరి మెట్టే. యోబు స్నేహితులదీ ఇదే పొరపాటు: కీడు విత్తినవారు దాన్నే కోస్తారన్న మాట (యోబు 4:8) పట్టుకుని, బూడిదలో కూర్చున్నవాడి మీద నేరం మోపారు. 42:7లో దేవుడు కోపగించుకున్నది వాళ్ల మీదే. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల మీద సామెతలు వేయడం ఆపితే ఈ బెడద సగం తగ్గుతుంది.

అపోహ: గుణవతియైన భార్యను వర్ణించే సామెతలు 31 కోడలికి పరీక్ష పేపరు.

కాదు. 31:10–31లో 22 వచనాలు, హీబ్రూ అక్షరాలూ 22, ఒక్కో వచనం వరుసగా ఒక్కో అక్షరంతో మొదలవుతుంది. 119వ కీర్తనలో మన బైబిళ్లు ఆలెఫ్, బేత్ అని ఆ అక్షరాల పేర్లు అచ్చు వేస్తాయి కాబట్టి ఆ వరుస కనబడుతుంది, ఇక్కడ కనబడదు. మొదటి అక్షరం నుంచి చివరిదాకా అల్లిన స్తుతి గీతం అది. తెల్లవారక ముందే లేచి, పొలం కొని, ద్రాక్షతోట నాటి, నార బట్టలు అమ్మడం ఒక్కరోజు పనుల చిట్టా కాదు. పెళ్లిచూపుల్లో దాన్ని చదివి వినిపించకండి.

అపోహ: ప్రకటన 3:15లో "చల్లగా" అంటే అవిశ్వాసి.

అయితే నువ్వు చల్లగానైనా ఉంటే మేలని ప్రభువు ఎందుకంటాడు? ఆ మాట లవొదికయ పట్టణంలోని సంఘానికి రాసింది. దానికి దగ్గర్లోని హియెరాపొలిలో వేడి ఊటలు, కొలొస్సయిలో చల్లని నీళ్లు. రెండూ పనికొచ్చేవే. నులివెచ్చని నీళ్లే ఎందుకూ కొరగావు.

అపోహ: "సూదిబెజ్జం" యెరూషలేములో ఓ చిన్న గుమ్మం, ఒంటె మోకరిస్తే దూరేది.

ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు అన్నాడు (మత్తయి 19:24). అలాంటి గుమ్మం ఉండేదనడానికి ఏ ఆధారమూ లేదు. దూరగలిగేదే అయితే శిష్యులు "ఎవడు రక్షణ పొందగలడు" అని అంతగా విస్తుపోరు (మత్తయి 19:25). యూదు రబ్బీల బోధల సంకలనమైన బబులోను తల్మూదులో ఇదే బెజ్జంలో ఏనుగు దూరడమనే మాట ఉంది, అసాధ్యాన్ని చెప్పడానికే. ఆ గుమ్మం ఫోటో వాట్సాప్‌లో వస్తే ఇంకెవరికీ పంపకండి.