మైనర్ గడి దగ్గర ఆగిపోయిన పిల్లలకు

చిరంజీవులకు,

ఈ నెల మీ దగ్గర్నుంచి వచ్చిన ఫోన్లన్నిటిలో ఒకటే మాట: "తాతయ్యా, మైనర్ ఏం తీసుకోమంటావు?" కాలేజీ ఫారంలో మేజర్ (ప్రధాన సబ్జెక్టు) గడి నింపడానికి మీకు నిమిషం పట్టలేదు. కింద మైనర్ (మేజర్‌కి తోడుగా చదివే రెండో సబ్జెక్టు) గడి దగ్గరే టెన్షన్. విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు క్రెడిట్ల లెక్క. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ పొడుగునా వారానికో గంట పాఠం, మొత్తం మీద పదిహేను గంటలు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022లో ఇచ్చిన ప్రణాళికలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్ వాటా 24. అంటే బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకు మైనర్ డిగ్రీలో భాగమే. ఆంధ్రప్రదేశ్‌లో మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే పాత పద్ధతి పోయి, 2023-24లో ఒక మేజర్, ఒక మైనర్ మొదలైంది కూడా ఇలాగే. బీటెక్ వాళ్ల సంగతి వేరు. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనాలో డిగ్రీకి 160 క్రెడిట్లు, మైనర్ కావాలంటే వాటి పైన మరో 18 నుంచి 20. ఆ క్లాసులు సాయంత్రాలకో శనివారాలకో పడొచ్చు. బ్యాక్‌లాగ్ (తప్పిన పేపర్లు) ఉన్నవాళ్లు ముందు అది తీర్చుకోండి. మైనర్ బరువనిపిస్తే అదే శాఖలో ఒక ఓపెన్ ఎలెక్టివ్ (వేరే శాఖ నుంచి ఎంచుకునే ఒక్క పేపరు) తీసుకుని చూడండి. నచ్చకపోయినా ఒక్క పేపరుతో పోతుంది.

ఇక అసలు విషయం. మీలో కంప్యూటర్ సైన్స్ వాళ్లందరూ డేటా సైన్సో, ఏఐయో మైనర్‌గా రాద్దామనుకుంటున్నారు. అవి మీ మేజర్‌లోనే ఎలెక్టివ్‌లుగా దొరుకుతాయి కదర్రా! మైనర్‌కి మీ మేజర్ ఎప్పుడూ అడగని ప్రశ్నలు అడిగే సబ్జెక్టు చూడండి. చరిత్ర, అర్థశాస్త్రం, భాషాశాస్త్రం, తత్వశాస్త్రం, న్యాయం లాంటివి. ఇది నా పాతకాలపు చాదస్తమని కొట్టిపారేయకండి. 1948లో వేసిన విశ్వవిద్యాలయ కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్, అంతకుముందు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన ఆయన. ఏ కోర్సు చదివే వాళ్లకైనా తమ సబ్జెక్టు బయటి విషయాలూ నేర్పే సాధారణ విద్య ఉండాలని ఆ కమిషన్ అప్పుడే గట్టిగా చెప్పింది.

బీఫార్మసీ చదివే మన అమ్మాయికి ప్రత్యేకంగా ఒక సంగతి చెప్తాను. హైదరాబాద్ చుట్టూ ఇన్ని మందుల ఫ్యాక్టరీలు ఎలా వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించావా తల్లీ? కెమిస్ట్రీ పుస్తకంలో సగం జవాబే దొరుకుతుంది. మిగతా సగం 1970 నాటి పేటెంట్ చట్టంలో ఉంది. ఆ చట్టం మందుకు పేటెంట్ ఇవ్వలేదు, తయారుచేసే పద్ధతికే ఇచ్చింది. విదేశీ కంపెనీ మందునే మన కెమిస్టు ఇంకో దారిలో చేస్తే చట్టం ప్రకారం తప్పయ్యేది కాదు. ప్రభుత్వరంగంలోని మందుల కంపెనీ ఐడీపీఎల్ హైదరాబాద్ ప్లాంటులో చేయి తిరిగినవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. 2005లో చట్టం మారి, మందుకే పేటెంట్ ఇవ్వడం మొదలైంది. అయినా ఒక అడ్డుకట్ట మిగిలింది: పాత మందుకు కొత్త రూపం ఇస్తే చాలదు, అది రోగి మీద ఇంకా బాగా పనిచేయాలి. 2013లో నోవార్టిస్ కంపెనీ కేన్సర్ మందు గ్లివెక్ విషయంలో సుప్రీంకోర్టు పేటెంట్ నిరాకరించింది ఈ కారణంతోనే. నువ్వు రేపు చేయబోయే ఉద్యోగం ఉందా లేదా అన్నది ల్యాబ్‌లో ఎంత తేలుతుందో ఇలాంటి తీర్పుల్లోనూ అంతే తేలుతుంది. న్యాయమో, అర్థశాస్త్రమో ఎలెక్టివ్‌గా దొరికితే వదలకు.

సివిల్ ఇంజనీరింగ్ వాళ్లకు నాగార్జునసాగర్ చాలు. పాత బౌద్ధ కట్టడాలున్న నాగార్జునకొండ లోయ డ్యామ్ నీటిలో మునుగుతుందని తెలిసి 1954 నుంచి ఆరేళ్ల పాటు తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించి మళ్లీ కట్టారు. ఏది మునగనివ్వాలి, ఏది మోసుకుపోవాలి అన్నది కాంక్రీటు పేపర్లో రాదు.

"ఉద్యోగానికి పనికొస్తుందా?" అని మీ అమ్మానాన్నలు అడుగుతారు. అడగాలి కూడా, ఫీజు కట్టేది వాళ్లు. మైనర్ చూసి ఉద్యోగం ఇస్తారని నేను చెప్పను. చాలాచోట్ల మొదటి వడపోత సీజీపీఏ, కోడింగ్ పరీక్షలతోనే జరుగుతుంది. అర్థశాస్త్రం, చరిత్ర సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ పనికొస్తాయి, అది మాత్రం నిజం.

సీనియర్లు "స్కోరింగ్ సబ్జెక్టు" అని చెప్పింది వినండి గానీ అక్కడే ఆగకండి. సిలబస్ తెచ్చుకుని నాలుగో యూనిట్ చదవండి. మొదటి యూనిట్ ఏ సబ్జెక్టుకైనా తేలిగ్గానే ఉంటుంది. ఎవరు చెప్తారో కనుక్కోండి. వీలైతే ఆయన క్లాసులో ఒకరోజు వెనక బెంచీలో కూర్చోండి. మీ కాలేజీలో కోరుకున్న సబ్జెక్టు లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సులుండే స్వయం పోర్టల్‌లో చూడండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అలా చదవొచ్చు. కాకపోతే ఆ కోర్సుకు మీ కాలేజీ ముందే ఒప్పుకుని ఉండాలి. చదివేశాక అడిగితే క్రెడిట్లు రావు.

ఫారం గడువు దగ్గర పడిందని విన్నాను. రెండు సబ్జెక్టుల మధ్య తేల్చుకోలేకపోతే రెండిటి సిలబస్‌లూ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, ఆదివారం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య